వన్ పాన్ పాస్తా కిట్ కొనే బెజవాడ వాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

ముందే చెప్పేస్తున్నాను, అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాను, అది తేలేదాకా పేరెత్తి రచ్చ చేసుకోవడం నాకిష్టం లేదు. కానీ పటమట, బెంజి సర్కిల్, మొగల్రాజపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య తెగ తిరుగుతున్న ఒక ఆఫర్ గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఒకే పాన్‌లో పది నిమిషాల్లో ఇటాలియన్ పాస్తా, తాజా కూరగాయలు, తాజా ఆకులు, నూనెతో సహా అన్నీ మీ గుమ్మం ముందుకే అని ఫొటో పెడతారు. నలుగురికి సరిపోతుందట. ధర 649 రూపాయలు. ఫొటో మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. నేను పడిపోయింది అక్కడే.

మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు అయ్యాయి. ఆదివారం స్నేహితురాళ్ళు ముగ్గురు భోజనానికి వస్తామన్నారు. బయట ఎండ చూస్తే వంటింట్లో అడుగు పెట్టాలంటేనే భయం. ఒక్క గిన్నెతో, ఒక్క పొయ్యి మీద పని అయిపోతుందంటే ఎవరికి చేదు? శనివారం ఫోన్‌లో డబ్బులు కొట్టాను. ఆదివారం పదకొండింటికి ఒక కుర్రాడు బండి మీద వచ్చి పెట్టె ఇచ్చి వెళ్ళాడు. బిల్లు అడిగితే "వాట్సాప్‌లో వస్తుంది మేడం" అన్నాడు. ఇప్పటికీ రాలేదు.

పెట్టె విప్పాం. అరకిలో పెన్నె పాస్తా (చిన్న గొట్టాల్లా ఉంటుంది), వేలెడంత సీసాలో ఆలివ్ నూనె, ఒరెగానో అని రాసిన పొట్లం, ఒక ప్లాస్టిక్ డబ్బాలో కూరగాయలు. పైన ఎర్రగా నిగనిగలాడే చిన్న టమాటాలు, వాటి కింద రెండు రంగుల క్యాప్సికం, దాని కింద జుకినీ, అన్నిటికీ అడుగున తడి కాగితంలో చుట్టిన బేసిల్ కట్ట. పై వరస టమాటాలు తీస్తే కింద ఉన్నవాటిలో సగం మెత్తబడి కారుతున్నాయి. మామిడిపళ్ళ బుట్టల్లో చూసిన విద్యే కదా అనుకుని బాగున్నవి ఏరుకున్నాను.

బేసిల్ దగ్గర అసలు గొడవ మొదలైంది. కాగితం విప్పగానే మా అత్తయ్య గారు పక్కనుంచి తొంగి చూసి, "ఇది మన కోటలో తులసి కదే! వెల్లుల్లిపాయలతో కలిపి వేయిస్తావా దీన్ని?" అన్నారు. నేను కాదని వాదించబోయాను. ఒక ఆకు నలిపి వాసన చూస్తే నోరు మూతపడింది. లవంగం ఘాటు, కాడ నిండా సన్నటి నూగు, ఆకు అంచున రంపపు పళ్ళు. అచ్చంగా తులసే. పాస్తాలో వేసే బేసిల్ కూడా ఆ కుటుంబానిదే కానీ మొక్క వేరు. దాని ఆకు నునుపుగా, కాస్త ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉంటుంది, వాసనలో సోంపు తీపి తగులుతుంది. మనం ఎండాకాలం నీళ్ళలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు ఆ మొక్కవే. అత్తయ్య గారు ఆ కట్ట పట్టుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టేశారు. 649 రూపాయల్లో పుణ్యం దక్కింది ఆ ఒక్క చోటే.

ఇక జుకినీ. కోయగానే మధ్యలో నీళ్ళ గింజలు, చల్లటి కీరా వాసన. అవును, కీరా దోసకాయ! పైన ముదురాకుపచ్చగా, సన్నగా ఉంటే జనం గుర్తుపట్టలేరు అనుకున్నారేమో. జుకినీ గుమ్మడి జాతిది. దాని తొడిమ గట్టిగా, పలకలుగా, గుమ్మడి తొడిమలాగే ఉంటుంది, లోపలి కండ పొడిగా ఉంటుంది. కీరాకు అంత లావు తొడిమ ఉండదు. వేడి పాస్తాలో కీరా వేస్తే నీళ్ళు వదిలి చప్పగా తేలుతుంది తప్ప ఇంకేమీ జరగదు. ముక్కలకు ఉప్పూ కారం చల్లి పిల్లలకు ఇచ్చేశాను.

సరే, పాస్తా అయినా మంచిదేలే అనుకుని పొయ్యి వెలిగించాను. ఈ వంట సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్తాను, ఎందుకంటే మోసం దెబ్బ ఎక్కడ పడిందో దాన్నిబట్టే అర్థమవుతుంది. మామూలుగా పాస్తాను బోలెడు నీళ్ళలో ఉడికించి, అన్నం గంజి వార్చినట్టు వార్చేస్తాం. వన్ పాన్ అంటే అత్తెసరు. (మా అమ్మాయికి ఈ మాట మార్కుల విషయంలో మాత్రమే తెలుసు!) వెడల్పాటి పాన్‌లో పచ్చి పాస్తా, ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటాలు, నూనె, ఉప్పు అన్నీ ఒకేసారి వేసి, కొలిచిన నీళ్ళు పోసి మరిగించడమే. పాస్తా నీళ్ళు పీల్చుకుంటూ తనలోని పిండిని కాస్త వదులుతుంది. ఆ పిండి, టమాటా రసం, నూనె కలిసి చిక్కటి సాస్ అవుతుంది. చుక్క కూడా పారబోయం. అందుకే రుచి. అందుకే ఇందులో ఏ లోపమూ దాగదు. వార్చే వంటలో నాసిరకం పాస్తా అయినా దాని జిగురు సగం నీళ్ళతో పాటు సింక్‌లోకి పోతుంది. ఇక్కడ ప్యాకెట్‌లో ఏముంటే అది మొత్తం కంచంలోకే వస్తుంది.

మా అమ్మ కొత్త బియ్యం వచ్చినప్పుడల్లా "పాతవో కొత్తవో చూసుకోకుండా అత్తెసరు పెట్టకు, ముద్దైపోతుంది" అనేది. సరిగ్గా అదే జరిగింది. నాలుగో నిమిషానికే నీళ్ళు మైదా జావలా చిక్కబడ్డాయి. ఆరో నిమిషానికి గొట్టాలు చీలిపోయాయి. ఎనిమిదో నిమిషానికి అడుగు పట్టింది, పైన మాత్రం సంకటి. గరిటె నిలబెడితే నిలబడింది. అమ్మాయి స్నేహితురాళ్ళు మర్యాదగల పిల్లలు, "బాగుంది ఆంటీ" అంటూనే రెండేసి చెంచాలు తిని వదిలేశారు. మా వారు బయటికి వెళ్ళి ఇడ్లీలు తెచ్చారు.

నా వంటే తప్పేమో అని ఆ రాత్రి దాకా నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత చెత్తబుట్టలోంచి కవర్ తీసి చదివాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో డ్యూరమ్ గోధుమ పాస్తా అని ఉంది. లోపలి కవర్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల వరసలో మొట్టమొదట మైదా, తర్వాత రవ్వ. డ్యూరమ్ మాటే లేదు. ఏ పదార్థం బరువు ఎక్కువో అది ముందు రాయాలన్నది మన దేశంలో నియమం కాబట్టి, ఆ ప్యాకెట్‌లో ఎక్కువ ఉన్నది మైదానే. మైదాతో పాస్తా చేయడం మన దగ్గర నేరం కాదు, ప్యాకెట్ మీద రాస్తే చాలు. ఇటలీలో అయితే ఎండు పాస్తా డ్యూరమ్ గోధుమతోనే చేయాలని 1967లోనే చట్టం తెచ్చారు. డ్యూరమ్ గట్టి గోధుమ, అందులో ప్రోటీన్ ఎక్కువ, ఉడికేటప్పుడు పిండిని గట్టిగా పట్టి ఉంచుతుంది. మైదాకు ఆ పట్టు లేదు. కాబట్టి నా కోపం మైదా మీద కాదు, పెట్టె మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి పెట్టినందుకు.

అంతటితో ఆగలేదు. తయారీ తేదీ ఉన్న స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటే గోరుతో గీకాను. కింద ఇంకో స్టిక్కర్. పాత తేదీ. పైదానికీ కిందదానికీ పద్నాలుగు నెలల తేడా. ఆలివ్ నూనె సీసా తిప్పి చూస్తే ముందు ఎక్స్‌ట్రా అని బంగారు రంగులో, వెనక పోమేస్ అని. నూనె తీసేశాక మిగిలిన ఆలివ్ పిప్పి నుంచి రసాయనాలతో లాగి, శుద్ధి చేసేది పోమేస్ నూనె. కాయల నుంచి నేరుగా తీసే ఎక్స్‌ట్రా వర్జిన్‌కు, దానికి పోలికే లేదు, ధరలో కూడా. ఒరెగానో పొట్లం అరచేతిలో నలిపితే ఎండుగడ్డి వాసన, సగం పుల్లలు. మన పెరట్లో వాము ఆకు తుంపితే వచ్చే ఘాటులో పదో వంతు కూడా లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ప్రభుత్వ ఆహార భద్రత సంస్థ) ఇచ్చే లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండాలి, పెట్టె మీది నంబరు ఊరికే లెక్కపెట్టాను. 13!

సోమవారం పొద్దున్నే కిట్ అమ్మినతనికి ఫోన్ చేశాను. మొదట "మీరు నీళ్ళు ఎక్కువ పోసుంటారు మేడం, మాకు ఇంతవరకూ కంప్లైంట్ లేదు" అన్నాడు. కీరా సంగతి అడిగితే "ఆ రోజు జుకినీ స్టాక్ లేదండీ, అడ్జస్ట్ చేశాం" అన్నాడు. మరి తులసి? "అదీ బేసిలే కదండీ, హోలీ బేసిల్." ఈ జవాబుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్టిక్కర్ కింద స్టిక్కర్ ఫొటో పంపాక గొంతు మారింది. కూరగాయలకు 200 రూపాయలు వెనక్కి ఇస్తాను, గ్రూపులో మాత్రం ఏమీ రాయొద్దు అన్నాడు. వద్దన్నాను. "విప్పిన సరుకు రిటర్న్ ఉండదు" అని పెట్టేశాడు. సాయంత్రానికి నన్ను బ్లాక్ చేశాడు.

1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు లేదని భయపడ్డాను కానీ డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్, చాట్, స్టిక్కర్ల ఫొటోలు ఉన్నాయంటే ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు. అది కోర్టు కాదు, అమ్మినవాళ్ళతో మాట్లాడి తేల్చడానికి చూస్తారు. నా తప్పు కూడా ఒప్పుకుంటాను: ఒక వ్యక్తి సొంత ఫోన్ నంబరుకు, బిల్లు లేకుండా, అడ్రస్ తెలియకుండా డబ్బు కొట్టాను. మీరు కొట్టకండి. కొనక ముందే ప్యాకెట్ వెనక వైపు ఫొటో అడగండి, ముందు వైపుది కాదు. ముందు వైపు ఫొటో వాళ్ళే పెడతారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు అడిగి, ఆ సంస్థ లైసెన్సుల వివరాలుండే ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో వెతికితే అది ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. వెనక సూజీ అనో గోధుమ రవ్వ అనో మాత్రమే ఉంటే అది డ్యూరమ్ అని అనుకోవద్దు, మన ఉప్మా రవ్వ సాధారణంగా మామూలు గోధుమదే.

కిట్ వద్దు కానీ వంట మాత్రం మానకండి, పాపం దాని తప్పేం లేదు. పోయిన బుధవారం పంతం పట్టి మళ్ళీ చేశాను. డ్యూరమ్ అని వెనక వైపు కూడా రాసి ఉన్న పెన్నె పావుకిలో, పటమట రైతు బజారులో కొన్న నాటు టమాటాలు నాలుగు, ఒక క్యాప్సికం, గుప్పెడు బీన్స్, ఒక ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో నాలుగు గ్లాసుల నీళ్ళు. నాటు టమాటా రసం ఎక్కువ కాబట్టి ఇంకా పోయలేదు. ఉప్పు ఒక చెంచానే, నీళ్ళు పారబోసేది లేదు కనుక వార్చే వంటకు వేసినంత వేస్తే నోట పెట్టలేం. పెద్ద మంట మీద మరగనిచ్చి, తర్వాత కాస్త తగ్గించి, అడుగు అంటకుండా కలుపుతూ పన్నెండు నిమిషాలు. చివర్లో పాలకూర చింపి వేశాను. బేసిల్ లేదు, రెండు వాము ఆకులు సన్నగా తరిగి, కాస్త కొత్తిమీర చల్లాను. ఒరెగానోకు ఆ ఘాటు ఇచ్చే పదార్థమే వాము ఆకులోనూ ఉంటుంది, అందుకే బాగా కుదిరింది. మొత్తం ఖర్చు 200 దాటలేదు. గొట్టాలు గొట్టాల్లాగే ఉన్నాయి. అమ్మాయి ఫొటో తీసి ఆ ముగ్గురికీ పంపింది. ఈసారి పిలవమని అడిగారట.

బాల్కనీ కుండీలో సబ్జా గింజలు చల్లాను, నాలుగు రోజులకు మొలకలు వచ్చాయి. బేసిల్ కట్ట ఎప్పుడైనా కొంటే మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి ఆకులు నల్లబడతాయి, గ్లాసు నీళ్ళలో కాడలు ముంచి బయటే ఉంచండి.

కిట్ పాస్తా ఇంకా సగం మిగిలింది. అది తిందామని మా ఇంట్లో ఎవరూ అనలేదు, ఆ తేదీ చూశాక అనరు కూడా. ఫిర్యాదుకు సాక్ష్యంగా కవర్‌తో సహా డబ్బాలో వేసి అటక మీద పెట్టాను. మీ ఇంట్లో ఇలాంటి కిట్ ఉంటే ఇప్పుడే లేచి తేదీ స్టిక్కర్ మూల గోరుతో గీకి చూడండి. కింద ఇంకోటి కనిపిస్తే ఫొటో తీసి, ఏ ఏరియాలో కొన్నారో కింద రాయండి. పేర్లు మాత్రం వద్దు.