అమ్మతో హుగ్లీ మీద లాంచీ ప్రయాణం

కోల్‌కతా వెళ్ళే మా శ్రీకాకుళం వాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఇదే: హౌరాలో దిగగానే టాక్సీ వాళ్ళ వెంట పోకండి. స్టేషన్ ముందున్న సబ్‌వేలోంచి రోడ్డు దాటితే లాంచీ ఘాట్ వస్తుంది. అక్కడి నుంచే గంగ పాయ అయిన హుగ్లీ నది దాటి ఊళ్ళోకి వెళ్ళండి.

మకర సంక్రాంతికి గంగాసాగర్ యాత్రికులతో, అవతలి ఒడ్డున లాంచీ ఆగే బాబూఘాట్ కిక్కిరిసిపోతుందని విని, పండగ వెళ్ళాక ఫిబ్రవరిలో బయల్దేరాం. ఆమదాలవలసలో తెల్లవారుజామున ఫలక్‌నుమా ఎక్కితే సాయంత్రానికి హౌరా చేరాం. ఆ రాత్రికి స్టేషన్ పక్క సందులో లాడ్జి తీసుకున్నాను. ఫొటోలు చూసి బుక్ చేయడం నా తప్పే. కిటికీ తీస్తే ఎదుటివాళ్ళ గోడ, రాత్రంతా హారన్లు. అద్దెలోనే వేడినీళ్ళు అన్నవాళ్ళు, పొద్దున్నే బకెట్‌కు ఇంత అని విడిగా వసూలు చేశారు. అమ్మకు కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే ఖాళీ చేసి, అవతలి ఒడ్డున ధర్మతలా దగ్గర ఓ పాత గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేశాను. అద్దె కాస్త ఎక్కువే. కానీ మోకాళ్ళ నొప్పులని చెప్పగానే, అడక్కుండానే కింది అంతస్తులో గది ఇచ్చారు.

అలా సామానుతోనే మొదటిసారి లాంచీ ఎక్కాం. మన గోదావరి వాళ్ళ లాగే వాళ్ళూ దాన్ని లాంచీ అనే అంటారు, కాస్త బెంగాలీ యాసలో. టికెట్టుకు చిల్లర డబ్బులే సరిపోయాయి. జెట్టీ నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. లాంచీ ఆనగానే ఒకతను తాడు విసిరి గుంజకు చుట్టాడు. జనం దిగడం, ఎక్కడం రెండు నిమిషాల్లో అయిపోయాయి. సైకిళ్ళు, చేపల బుట్టలు, ఆఫీసు బ్యాగులు, అన్నీ ఒకే తట్టున. ఒక కుర్రాడు లేచి అమ్మకు సీటిచ్చాడు.

నది మధ్యకు వచ్చాక వెనక్కి తిరిగితే హౌరా వంతెన మొత్తం కనబడుతుంది. 1943లో వాడకంలోకి వచ్చిన ఆ వంతెనకు నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. ఇరవై ఆరు వేల టన్నులకు పైగా ఉక్కును నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతోనే కలిపారు. టాక్సీలో దాని మీద వెళ్తే ముందున్న బస్సు తప్ప ఏమీ కనబడదు. దాన్ని చూడాలంటే కింద నుంచే చూడాలి.

అమ్మ మాత్రం వంతెన వైపు చూడలేదు, నీళ్ళనే చూస్తోంది. "ఏటే, వరదొచ్చినప్పటి మన వంశధార రంగులోనే ఉందే ఈ గంగ!" అంది. అమ్మ పుట్టిల్లు వంశధార ఒడ్డున. ఏరు నిండితే నావ మీదే అవతలికి వెళ్ళేవాళ్ళట. నావవాడికి డబ్బులు కాదు, పంట చేతికొచ్చాక ధాన్యం కొలిచేవారట. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

బాబూఘాట్ స్తంభాల మండపం దగ్గర దిగాం. ఆ ఘాట్‌కు పేరు జమీందారిణి రాణీ రాస్‌మణి భర్త బాబూ రాజచంద్ర దాస్ మీదుగా వచ్చింది. 1855లో దక్షిణేశ్వరం కాళీ గుడి కట్టించింది ఆ రాస్‌మణే. బెస్తవాళ్ళ మీద ఈస్టిండియా కంపెనీ పన్ను వేస్తే, నదిలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని, గొలుసులు కట్టించి ఓడలను ఆపించిందని చెబుతారు. అది విన్నాక అమ్మకు దక్షిణేశ్వరం మీద భక్తి ఇంకా పెరిగింది.

మరునాడు రామకృష్ణ మఠం వాళ్ళ కేంద్రం బేలూరు మఠం చూసుకుని అక్కడి నుంచి దక్షిణేశ్వరానికి కూడా పడవలోనే వెళ్ళాం. వివేకానంద సేతు, దాని పక్కనే నివేదిత సేతు, రెండింటి కింద నుంచీ వెళ్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయాణం ఇదే. రెండుచోట్లా మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు కాబట్టి పెందలాడే బయల్దేరాలి. దక్షిణేశ్వరం గుడిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు.

ఇబ్బందులు లేకపోలేదు. ఇక్కడి దాకా సముద్రపు ఆటుపోట్లు వస్తాయి. పోటు మీద నీళ్ళు పెరిగి జెట్టీకి దిగే ఇనుప వంతెన దాదాపు సమంగా ఉంటుంది, ఆటు మీద నీళ్ళు తగ్గి నిట్టనిలువుగా దిగుతుంది. ఒకసారి ఆటు సమయంలో వెళ్ళి అమ్మ రెయిలింగ్ పట్టుకుని దిగుతుంటే నా ప్రాణం గిలగిల్లాడింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు పోటు వేళ కనుక్కుని, ఆఫీసు టైములు వదిలేసి వెళ్ళండి. మేమెక్కిన లాంచీల్లో లైఫ్ జాకెట్లు పైన వేలాడుతున్నాయి గానీ వేసుకోమని ఎవరూ చెప్పలేదు. అది నాకు అస్సలు నచ్చలేదు. పిల్లలుంటే అడిగి తీసుకోండి.

మెట్రో కూడా ఎక్కాం. 2024 మార్చి నుంచి నది అడుగున నడుస్తోంది. లిఫ్టులున్నాయి, శుభ్రంగా ఉంది, బరువైన సామాను ఉన్నవాళ్ళకు అదే మేలు. నదిని మాత్రం ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. "గంగ ఏదే?" అని అమ్మ అడిగేసరికి అవతలి ఒడ్డు వచ్చేసింది.

తిరుగు రైలుకు రెండు గంటల ముందే హౌరా చేరుకున్నాం. సామాను క్లోక్‌రూములో పెట్టగానే అమ్మ, "ఇంకోపాలి ఎక్కుదామా?" అంది. బాబూఘాట్‌కు వెళ్ళి, దిగి, మళ్ళీ టికెట్ తీసుకుని, అదే లాంచీలో వెనక్కి వచ్చాం.