ఎల్ఎమ్-సెన్సార్స్, ఫ్యాన్‌కంట్రోల్: తిరుపతి ఎండల్లో ఆరు డిస్కుల మీద వాడి చూశాక

ముందే చెప్పేస్తా. లినక్స్ స్టోరేజ్ సర్వర్ ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు, లోపలి వేడిని చదివే ఎల్ఎమ్-సెన్సార్స్, ఆ వేడిని బట్టి ఫ్యాన్ల వేగం మార్చే ఫ్యాన్‌కంట్రోల్, ఈ రెండు ప్రోగ్రాములూ వేసుకోండి, పైసా ఖర్చు లేదు, బాగా పనిచేస్తాయి. కానీ వేసేసి వదిలేస్తే మాత్రం డిస్కులు వేడెక్కుతూనే ఉంటాయి, ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

మాది తిరుపతిలో కొర్లగుంట. తమ్ముడు పెళ్ళి వీడియోలు తీస్తాడు. ముహూర్తాలున్న నెలల్లో ఒక్కో పెళ్ళికి వందల జీబీ వచ్చి పడుతుంది, అదంతా మేడ మీద గదిలో ఆరు హార్డ్ డిస్కుల డెబియన్ (ఒక రకం లినక్స్) సర్వర్‌లో దాస్తాం. ఒకరి పెళ్ళి మళ్ళీ తీయలేం కదా, అందుకే ఆ డిస్కులంటే నాకు అంత పట్టింపు. మే నెలలో ఆ గది స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కొడుతూనే ఉంటుంది.

మొదట బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లో, ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడ్‌లో పెట్టా. పక్క గదిలో పడుకునే అమ్మ నాలుగు రోజులు ఓర్చుకుని, "ఏంది నాయనా ఈ మోత, పిండిమర పక్కన పడుకున్నట్టుంది" అంది. సరేనని ఆటోలో పెడితే మోత తగ్గింది గానీ మధ్య డిస్కు 53 డిగ్రీలకు పోయింది. బయోస్ చూసేది ప్రాసెసర్ వేడిని. ఫైళ్ళు దాచే సర్వర్‌లో ప్రాసెసర్‌కు పెద్దగా పనుండదు, అది చల్లగానే ఉంటుంది, దాన్ని చూసి ఫ్యాన్లు నిదానిస్తాయి, ఇక్కడ ఆరు డిస్కులు పక్కపక్కనే ఉడుకుతుంటాయి. చాలా డిస్కులకు 60, 65 దాకా పర్వాలేదని కంపెనీవాళ్ళే రాస్తారు, అయినా గదే 38 ఉన్న చోట ఆ అంచుదాకా ఎందుకు పోనివ్వాలి?

ఎల్ఎమ్-సెన్సార్స్‌తో వచ్చే సెన్సార్స్-డిటెక్ట్ అనే కమాండ్ నడపడం తేలికే. ప్రశ్నలు అడుగుతుంటే ఎంటర్ కొట్టుకుంటూ పోవడమే, చివర్లో బోర్డు మీద వేడినీ ఫ్యాన్లనూ చూసే చిప్‌కు ఏ డ్రైవర్ కావాలో చెబుతుంది. నాది నూవోటాన్ 6779, దానికి ఎన్‌సీటీ6775 డ్రైవర్, నంబర్ తేడాగా ఉన్నా అదే సరైనది. తర్వాత సెన్సార్స్ అని కొడితే ఒక లైన్‌లో 127 డిగ్రీలు కనిపించి గుండె ఆగినంత పనైంది. బోర్డు మీద ఏమీ తగిలించని సెన్సార్ పిన్ను అలాగే చూపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. కొన్ని బోర్డుల్లో డ్రైవర్ లోడ్ చేస్తే రిసోర్స్ బిజీ అని ఎదురు తిరుగుతుంది. ఆ చిప్ మీద ఏసీపీఐకి (బయోస్ తరఫున హార్డ్‌వేర్‌ను చూసుకునే వ్యవస్థ) ఉన్న పట్టు సడలించే బూట్ ఆప్షన్ ఒకటుంది, అది ఇస్తే దారికొస్తుంది, కాకపోతే బయోసూ డ్రైవరూ ఒకే చిప్‌ను ఒకేసారి ముట్టుకునే ప్రమాదం ఉంది, తప్పనిసరైతేనే వాడండి.

అసలు సంగతి డ్రైవ్‌టెంప్, అంటే డిస్కుల వేడిని చదివే డ్రైవర్ మాడ్యూల్. 2020లో వచ్చిన లినక్స్ కెర్నల్ (లినక్స్ గుండెకాయ) 5.6 నుంచి ఈ మాడ్యూల్ ఉంది. లోడ్ చేయగానే ప్రతి సాటా (ఇళ్ళలో మామూలుగా వాడే రకం) డిస్కు వేడీ సెన్సార్స్ లిస్టులోకి వచ్చేస్తుంది, రూట్ (అడ్మిన్ హక్కు) కూడా అక్కర్లేదు. దానంతట అది లోడ్ కాదు, బూట్ అయ్యేటప్పుడు ఏవి లోడ్ కావాలో రాసే మాడ్యూల్స్ ఫైల్లో పేరు రాసుకోవాలి. ఈ ఒక్క లైను రాయకపోతే మీ ఫ్యాన్‌కంట్రోల్‌కు డిస్కుల సంగతే తెలియదు.

తర్వాత పీడబ్ల్యూఎమ్‌కాన్ఫిగ్, ఫ్యాన్‌కంట్రోల్‌కు సెట్టింగ్ ఫైల్ తయారుచేసే కమాండ్. ఇది ఒక్కో ఫ్యాన్‌ను కొన్ని సెకన్లు ఆపి ఏ కంట్రోల్ ఏ ఫ్యాన్‌దో కనిపెడుతుంది. నేను ముందు జాలీకి ప్రతి ఫ్యాన్ దగ్గరా ఒక దారప్పోగు టేపుతో అంటించా. ఫ్యాన్ గాలి లాగుతున్నంతసేపూ దారం జాలీకి అతుక్కునే ఉంటుంది, ఆగగానే కిందికి వాలిపోతుంది. మూడు దారాల్లో రెండు వాలాయి, మూడోది కదల్లేదు. విప్పి చూస్తే ఆ ఫ్యాన్ మూడు పిన్నులది, షాపులో నాలుగు పిన్నులదని చెప్పి ఇచ్చారు. మూడు పిన్నుల ఫ్యాన్ వేగం వోల్టేజీ తగ్గిస్తేనే తగ్గుతుంది, బయోస్‌లో ఆ హెడర్‌ను (ఫ్యాన్ తగిలించే బోర్డు పిన్నులు) వోల్టేజీతో నడిపే డీసీ మోడ్‌కు మార్చాక అది కూడా మాట విన్నది. ఇంకో విషయం, ఫ్యాన్ వేగానికి 0 నుంచి 255 (ఫుల్ స్పీడ్) వరకున్న లెక్కలో నా ఫ్యాన్ 70 దగ్గర ఆగిపోయింది, మళ్ళీ కదలాలంటే 95 కావాల్సి వచ్చింది. ఆగే అంకె, మొదలయ్యే అంకె వేరువేరు, రెండూ మీ ఫ్యాన్ మీదే చూసి రాసుకోండి, ఇంకొకరి సెట్టింగ్ ఫైల్ కాపీ కొట్టొద్దు.

ఇక ఫ్యాన్‌కంట్రోల్‌లో నాకు నచ్చనివి రెండు. ఒక ఫ్యాన్‌కు ఒకే సెన్సార్‌ను కట్టగలం, ఆరు డిస్కుల్లో ఏది ఎక్కువ వేడిగా ఉందో అది చూసుకోదు. రెండోది మాకు బాగా తగిలింది. ఒక సాయంత్రం కరెంటు పోయి చాలాసేపటికి వచ్చింది, సర్వర్ దానంతటదే లేచింది, కానీ ఈసారి సెన్సార్ల నంబర్లు మారిపోయాయి. ఫైల్‌లో రాసిన పేరు ఒకటి, ఆ నంబర్లో ఉన్నది ఇంకొకటి. సెట్టింగ్ పాతదైంది, మళ్ళీ చేయండి అని లాగ్‌లో ఒక ముక్క రాసి ఫ్యాన్‌కంట్రోల్ ఆగిపోయింది. తప్పు సెన్సార్‌ను నమ్మి నడవకుండా ఆగడం న్యాయమే, నేనూ ఒప్పుకుంటా, కానీ మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ సంగతి మాకు తెలియలేదు, డిస్కు మళ్ళీ 54.

అప్పుడు ఎల్ఎమ్-సెన్సార్స్ ఉంచుకుని, ఫ్యాన్‌కంట్రోల్ తీసేసి చిన్న షెల్ స్క్రిప్ట్ (వరుసగా కమాండ్లు రాసిన ఫైల్) రాసుకున్నా. నంబర్‌తో పనిలేకుండా, డ్రైవ్‌టెంప్ అనే పేరున్న సెన్సార్లన్నీ వెతికి, అన్నిట్లోకీ ఎక్కువ వేడిని పట్టుకుని, 38 దగ్గర కనిష్ఠం, 48 దగ్గర ఫుల్ స్పీడ్ వచ్చేలా ఫ్యాన్లకు అంకె రాస్తుంది. సెన్సార్ వేడి చూపించే ఫైల్‌లో 43000 అని కనిపిస్తే కంగారు పడకండి, 1000తో భాగిస్తే 43. స్క్రిప్ట్ ఏ కారణంతో ఆగినా వెళ్ళేముందు 255 రాసి వెళ్ళేలా పెట్టా, మోత వచ్చిందంటే ఏదో తేడా కొట్టిందని అమ్మే పిలిచి చెబుతుంది. మేలో మిట్టమధ్యాహ్నం మధ్య డిస్కు 44 దాటలేదు, రాత్రిళ్ళు మోత లేదు.

ఒకటే డిస్కో రెండో ఉన్నవాళ్ళకు ఫ్యాన్‌కంట్రోల్ సరిపోతుంది, స్క్రిప్ట్ అక్కర్లేదు, కరెంటు పోయి వచ్చాక సర్వీస్ నడుస్తోందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు. డిస్కులను నిద్రపుచ్చే అలవాటుంటే వేడిని మరీ తరచుగా చదవకండి, కొన్ని డిస్కులకు అలా చదివిన ప్రతిసారీ నిద్ర టైమర్ మొదటికొస్తుంది. ఎస్ఏఎస్ (పెద్ద సర్వర్లలో వాడే రకం) డిస్కులకు డ్రైవ్‌టెంప్ పనికిరాదు, వాటికి స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో చదివి అదే లెక్కలో పెట్టుకోవాలి.