ధనియాలేసిన బీరు: హోగార్డెన్ మీద మా మిద్దె పంచాయితీ

ముందే చెప్పేస్తా. మన ఎండకీ మన కారానికీ, మా ఊళ్ళో నాకు దొరికిన సీసా బీర్లలో బాగా కుదిరింది హోగార్డెన్. కిక్కు కోసం తాగేవాళ్ళు మాత్రం దీని జోలికి రావద్దు. సీసా చిన్నది, రేటు పెద్దది, ఆల్కహాల్ 4.9 శాతం. మా బావ దీన్ని "సోడాకి పెద్దన్న" అంటాడు. ఆయన వాదన కూడా కింద రాస్తా, ఎందుకంటే అందులో సగం న్యాయముంది.

నేను అనంతపురం పాతూరులో చెనిక్కాయల వ్యాపారం చేస్తా. బీరు గురించి మాట్లాడ్డానికి ఇదేం అర్హతయ్యా అని మా లెక్చరర్ సారు ఎగతాళి చేస్తుంటారు. మూట విప్పగానే కాయ కొత్తదా పాతదా, తేమ పట్టిందా, గింజ ముక్కిపోయిందా అని వాసనతోనే తేల్చాలి మేము. తేల్చలేకపోతే ఆ నష్టం మాదే. వేయించేటప్పుడు కమ్మదనం ఎక్కడ ఆగిపోయి మాడు ఎక్కడ మొదలవుతుందో కూడా ముక్కుకే తెలుస్తుంది. బీరుకి కావాల్సింది కూడా ఆ ముక్కే. నాలుక పని తర్వాత.

మా పంచాయితీలో నలుగురం. అందరి ఇళ్ళూ ఒకే వీధిలో కాబట్టి తాగి బండి తీసే పని లేదు. మా బావ స్ట్రాంగ్ తప్ప ఇంకోటి ముట్టడు. సారు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. చేదు ఎంతుంటే అంత సంతోషం ఆయనకి. నాలుగోవాడు ఎదురింటి పిల్లోడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. సారు దగ్గర చదువుకున్నవాడే. ఇప్పటికీ ఆయన ముందు గ్లాసెత్తాలంటే మొహం పక్కకి తిప్పుకుంటాడు. తాగిన ప్రతి బీరుకీ ఫోన్లో మార్కులేసే రకం.

ఇక బీరు సంగతి. హోగార్డెన్ బెల్జియంలో ఒక ఊరు. గోధుమ వేసి తెల్లగా, మబ్బుగా ఉండే బీరు ఆ చుట్టుపక్కల శతాబ్దాలుగా చేసేవాళ్ళు. లాగర్ల (ఇప్పుడు అందరూ తాగే తేట బీర్ల) ధాటికి అది చేసే కార్ఖానాలు ఒక్కొక్కటే మూతబడి, 1957లో ఆ ఊళ్ళో చివరిదైన టామ్సిన్ కూడా మూసేశారు. దాని పక్కింట్లో పెరిగి, కుర్రతనంలో అక్కడ చేతిసాయం చేసిన పియర్ సెలిస్ అనే ఆయన పాలు అమ్ముకునేవాడు. తెల్లబీరు లేదని ఊరి జనం గొణుక్కోవడం విని 1966లో తనే మళ్ళీ మొదలుపెట్టాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మొలకెత్తించని పచ్చి గోధుమ, ధనియాలు, ఎండబెట్టిన నారింజ తొక్క. ఈరోజు ప్రపంచంలో ఎక్కడ 'విట్' (ఇలాంటి తెల్లబీరు) అని బోర్డు పెట్టి అమ్మినా అది ఆ పాలాయన చలవే.

ధనియాలనగానే బావ నవ్వాడు. "బీర్లో ధనియాలేంది బావా, చారు కాస్తాండారా?"

దీన్ని పోయడానికి ఒక పద్ధతి ఉంది, అది పాటించకపోతే సగం డబ్బు దండగ. ఈస్ట్ సీసా అడుగున పేరుకుని ఉంటుంది. గ్లాసు కొద్దిగా వంచి మూడింట రెండు వంతులు మెల్లగా పొయ్యాలి. మిగిలినదాన్ని సీసాలోనే గుండ్రంగా తిప్పాలి, అడుగుది కదిలి నురగెత్తే దాకా. అప్పుడు ఆ మిగతాది పై నుంచి వదలాలి. తేటగా ఉన్న గ్లాసులోకి తెల్లటి తెర దిగుతుంది, మొత్తం మబ్బుపడుతుంది. కంపెనీ వాళ్ళది ఆరుపలకల మందపాటి గ్లాసు. మా ఇంట్లో అది లేదు, మామూలు నీళ్ళ గ్లాసులో పోసినా నురగ బాగానే నిలబడింది. బావ ఎప్పట్లాగే సీసా ఎత్తి నేరుగా గొంతులో పోసుకున్నాడు. చివర్లో ఈస్టంతా ఒకేసారి నోట్లోకొచ్చి, "అడుగున పిండి ఉంది" అని కంప్లైంటు.

ఇంకోటి, కూలింగ్. వైన్ షాపుకి పోతే మనం అడిగే మొదటి మాట "కూలింగ్ ఉందా?" అనే. స్ట్రాంగ్‌కి అది సరే, చల్లదనం లేకపోతే అది గొంతు దిగదు. ఈ బీరు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటే వాసన రాదు, వాసన లేకపోతే ఇందులో ఇంకేం మిగలదు. చలికాలంలో ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టాలి. మే నెలలో మా మిద్దె మీద ఆ అవసరం లేదు, మూత తీసేలోపే సరిపోతుంది.

వాసన చూస్తే ముందు నారింజ తొక్క. గోరుతో గిల్లినప్పుడు చిమ్మే నూనె ఉంటుందే, అది. దాని వెనక ధనియాలు. సాంబారు పొడి వాసన కాదు. రోట్లో అప్పుడే నలిపిన పచ్చి ధనియాల్లో నిమ్మ ఛాయ ఒకటి వస్తుంది, సరిగ్గా అది. సారు వెంటనే పాఠం అందుకున్నారు. ధనియాల్లో ఆ వాసనకి కారణం లినలూల్, బీరుకి చేదునిచ్చే హాప్ పువ్వుల్లో కూడా అదే లినలూల్ ఉంటుంది, కాబట్టి బెల్జియం వాళ్ళు బీర్లో వింత సరుకేమీ కలపలేదు, ఉన్న వాసననే పెంచారు. ఈ ఒక్క మాటకి ఆయనకి ఇంకో గ్లాసు పోశా. నోట్లో పలచగా, గోధుమ మెత్తదనంతో, చివర్లో చిన్న పులుపుతో దిగిపోతుంది. చేదు లేనట్టే.

అదే సారు బాధ. అమెరికాలో బీరు జడ్జీలకి పాఠాలు చెప్పే బీజేసీపీ అనే సంస్థ ఒక్కో రకానికి చేదు కొలత ఇస్తుంది. విట్‌కి 8 నుంచి 20. అమెరికన్ ఐపీఏకి (ఇండియా పేల్ ఏల్, చేదు బీరు) 40 నుంచి 70. సారు 40 కింద ఉన్నదాన్ని ఫలహారం లెక్కలో వేస్తారు. బెంగళూరులో ఆర్బర్ వాళ్ళ రేజింగ్ ఎలిఫెంట్ అనే ఐపీఏ తాగొచ్చినప్పట్నుంచీ ఈ జబ్బు ముదిరింది. "పేర్లో ఇండియా ఉండేది ఆ ఒక్క బీరుకేనయ్యా, ఇంగ్లండు నుంచి ఓడల్లో మన దేశానికొచ్చింది, మనోళ్ళకే దాని రుచి తెలీదు" అంటారు. వచ్చిన మాట నిజమే, వచ్చింది ఇక్కడున్న తెల్లదొరల కోసం. మనకెవరు పోశారు సార్ అని అడిగా, సమాధానం లేదు.

చేదు గొప్పా మెత్తదనం గొప్పా అనే గొడవ తెగేది కాదు, తెగాల్సిన అవసరమూ లేదు. కాకరకాయ పులుసు ఇష్టమైనవాణ్ణి ఎందుకిష్టం అని అడుగుతామా? అయితే తిండితో కలిపి చూసినప్పుడు మాత్రం తేడా తేలిపోయింది. ఆ రోజు స్టఫ్ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. గింజ తీయని మిరపకాయ, వాము పట్టించినది. బజ్జీ కొరికి చేదు బీరు తాగితే కారం రెట్టింపవుతుంది. చేదూ మంటా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. సారు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని "బ్రహ్మాండం" అన్నారు గానీ చెయ్యి మాత్రం నా గ్లాసు వైపు వచ్చింది. హోగార్డెన్‌తో అదే బజ్జీ తింటే మంట ఉంటుంది, మంట మీద నారింజ వాసన కూడా ఉంటుంది. ఉగ్గానిలో పుట్నాల పొడికైతే ఇంతకంటే మంచి జోడీ నేను ఎరగను. ఉడకబెట్టిన పచ్చి చెనిక్కాయలతో కూడా బాగుంటుంది. వేయించిన కాయలకి మాత్రం ఇది చాలదు, వాటికి మాడ్చిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) వేసిన నల్ల బీరు కావాలి. అది ఇంకోసారి రాస్తా, సరుకు మా ఊళ్ళో దొరికితే.

ఎదురింటి పిల్లోడి అభ్యంతరం వేరే. "అన్నా, ఇది క్రాఫ్ట్ బీరు కాదు" అన్నాడు. చిన్న కార్ఖానా వాళ్ళు సొంతంగా చేసేదే క్రాఫ్ట్ అని వాడి లెక్క. ఒప్పుకోవాల్సిందే. 1985లో సెలిస్ ఫ్యాక్టరీ కాలిపోయింది. మళ్ళీ కట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకున్నాడు, చివరికి కంపెనీయే వాళ్ళ చేతికి పోయింది. ఆయన అమెరికా వెళ్ళి టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 1992లో కొత్తగా ఇంకోటి పెట్టుకున్నాడు. ఇప్పుడు హోగార్డెన్ ఏబీ ఇన్‌బెవ్ అనే పెద్ద బీరు కంపెనీ వాళ్ళది. అదే కంపెనీ 2016లో శాబ్‌మిల్లర్ అనే ఇంకో బీరు కంపెనీని కొన్నప్పుడు బావ తాగే నాకౌట్ కూడా దాంతోపాటే పోయింది. అంటే బావ సీసా, నా సీసా ఒకే గుమ్మంలోంచి వచ్చినవి. ఇది చెప్పగానే బావ మొహం చూడాలి. "చూసినావా, దాయాదులే" అని సంబరపడ్డాడు.

పిల్లోడికి ఇష్టం జర్మనీ గోధుమ బీరు, హెఫెవైజెన్. బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ అనే పబ్ వాళ్ళ టాయిట్ వైస్ నాకు వాడే తాగించాడు. దగ్గర చుట్టమే అయినా తీరు పూర్తిగా వేరు. దాంట్లో ధనియాలుండవు, వాసన మాత్రం అరటిపండూ లవంగమూ. అరటిపండు వేస్తారేమో అనుకునేరు, అది పూర్తిగా ఈస్ట్ పని. పులిసేటప్పుడు అరటిపండు ఎసెన్సులో ఉండే ఐసోఅమైల్ అసిటేటే తయారవుతుంది. జర్మనీలో బవేరియా వాళ్ళు 1516లోనే బీర్లో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకోటి వేయకూడదని చట్టం చేసి కూర్చున్నారు. గోధుమకి తర్వాత దారి దొరికింది గానీ ధనియాలకి దొరకలేదు. బెల్జియం వాళ్ళకి ఆ బెడద లేదు. నాకు ఆ అరటిపండు వాసన ఒక గ్లాసు వరకూ ముద్దొస్తుంది, రెండో గ్లాసుకి వెగటు. పిల్లోడికి రెండో గ్లాసులోనే అసలు రుచట. పంపు దగ్గర తాజాగా పట్టినది కాబట్టి అది నా సీసా కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది, అదీ ఒప్పుకున్నా.

బావ లెక్క ఇప్పుడు. పెద్ద సీసా 650 మిల్లీ, స్ట్రాంగ్ 8 శాతం దాకా ఉండొచ్చు. అంటే 52 మిల్లీ ఆల్కహాల్. హోగార్డెన్ 330 మిల్లీ, 4.9 శాతం, 16 మిల్లీ. "మీవి మూడు తాగినా నా ఒక్కదానికి సరిపోవు. మూడింటికి లెక్కేసి చూడు, యాడికి పోతాది దుడ్డు?" కాలిక్యులేటర్ పెట్టినా తప్పు పట్టలేం. మన దేశంలో అమ్ముడయ్యే బీర్లో ఎక్కువ భాగం స్ట్రాంగే, అదంతా ఈ లెక్క వల్లే. నేను ఒప్పుకోనిది ఒక్కటే: ఆయన రుచి గురించి మాట్లాడ్డం లేదు. కళ్ళు మూసి మూడు కంపెనీల స్ట్రాంగ్ ఇస్తే తన బ్రాండు ఏదో చెప్పమన్నాం. "ఇంకోసారి చూద్దాం లే" అన్నాడు.

మన దేశపు బీరా 91 వైట్‌తో పోల్చమని అడుగుతారు కాబట్టి రెండు మాటలు. అది కూడా గోధుమే, 2015లో వచ్చింది, ఆ 91 మన దేశం ఫోన్ కోడ్. మొదటిసారి గోధుమ బీరు రుచి చూసేవాళ్ళకి అది తేలిక, కొంచెం తీపి. హోగార్డెన్‌లో వాసన లోతెక్కువ. దొరికితే రెండూ పక్కపక్కన పోసుకుని చూడండి, నా మాటతో పనిలేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. రకం ఏదైనా, మనలాంటి ఊళ్ళల్లో బీరుని పాడుచేసేది ఎండ. పోయిన వేసవిలో ఒక షాపులో, పేరు అనవసరం, వేరే కంపెనీ ఆకుపచ్చ సీసాలు తెచ్చా. కేసులు షట్టరు బయటే పేర్చున్నాయి, సాయంత్రం ఎండ సూటిగా పడుతోంది. చూసి కూడా తొందరపెట్టారని తీసుకున్నాం. మూత తీయగానే కాలిన రబ్బరు కంపు. హాప్స్ చేదు మీద వెలుతురు పడితే గంధకం వాసనొచ్చే పదార్థం పుడుతుందని సారు చెప్పారు. గోధుమరంగు సీసా ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపదు, క్యాన్‌కి ఆ భయమే లేదు. వేడి చేసే చెడు వేరే: తడిసిన అట్టపెట్టె వాసన. ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు, ముక్కిన గింజ పక్కన పెడితే తోడబుట్టినవే. విట్‌లో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది, దాచిపెట్టడానికి చేదు లేదు, మాడు లేదు. షాపువాణ్ణి అడిగితే "బీరు పాడవదు సార్, కూలింగ్ చేస్తే అంతా ఒకటే" అన్నాడు. కూలింగ్ చేస్తే కంపు కనబడదంతే.

కాబట్టి కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. మూడు నెలలు దాటితే నేను తీసుకోను. లోపలి ఫ్రిజ్‌లోంచి అడగండి, అద్దాల తలుపు ఫ్రిజ్‌లో ట్యూబ్‌లైటు పక్కన నిలబెట్టినవి వద్దు. విసుక్కుంటే విసుక్కోనీ, డబ్బు మనది.

మార్కులు: నావి పదికి ఏడున్నర. సారు ఐదు, చేదు లేదని. పిల్లోడు ఆరున్నర వేసి, క్రాఫ్ట్ కాదు కాబట్టి అర తీసేశాడు. బావ సున్నా అన్నాడు గానీ బజ్జీలతో ఇంకో సీసా ఆయనే ఖాళీ చేశాడు, ఈసారి గ్లాసులో పోసుకుని. మా వైపు షాపుల్లో స్టాకు నిలకడగా ఉండదు. కొత్త కేసు దిగిన వారంలో దొరికితే రెండు తెచ్చుకోండి, డజన్లు తెచ్చి దాచిపెట్టుకునే సరుకు కాదు ఇది.