ఫైవ్ స్టార్ బండి, వంద రూపాయల క్లిప్పు: నెక్సాన్‌తో ఆరేళ్లు

2019 ఆగస్టులో టాటా నెక్సాన్ పెట్రోల్ కారు తీసుకున్నా. ఇప్పటికి 84 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉద్యోగం నెల్లూరులో, అత్తగారిల్లు ఒంగోలులో. వారం తప్పితే వారం హైవే ఎక్కాల్సిందే కాబట్టి సగం కిలోమీటర్లు ఆ రోడ్డువే. మైలేజీ హైవే మీద 16, ఊళ్లో 12. ఏసీ మన మే నెల ఎండకు కూడా తట్టుకుంటోంది. పొదలకూరు రోడ్డు గుంతల్లో ఎంత తిరిగినా నడుం పట్టేయలేదు. బండి సంగతి అంతే. మిగతాదంతా నా నిర్వాకం.

అసలు ఈ బండి కొన్నదే స్టార్లు చూసి. 2018 డిసెంబరులో, కార్లను గుద్దించి చూసి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఫైవ్ స్టార్ తెచ్చుకున్న మొదటి ఇండియా కారు ఇదే. అది పెద్దవాళ్ల రక్షణకు వచ్చిన మార్కు. పిల్లల రక్షణకు వచ్చింది మూడు స్టార్లే. ఆ సంగతి నేను అడగనూ లేదు, చదవనూ లేదు. ఆఫీసులో అందరికీ "ఫైవ్ స్టార్ బండి సార్" అని చెప్పుకుని తిరిగా. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దించే ఆ పరీక్షలో లోపలున్న బొమ్మలకు బెల్టులు కట్టి ఉంటాయని మాత్రం చాలా ఆలస్యంగా బుర్రకెక్కింది.

డెలివరీ అయిన రోజు సాయంత్రమే యాక్సెసరీస్ షాపుకు పోయాం. సీటు కవర్లు, స్టీరింగ్ కవరు, ముందు స్టీలు గార్డు. చివర్లో షాపు కుర్రాడు డ్రాయర్లోంచి బెల్టు క్లిప్పు ఒకటి తీశాడు. బెల్టు లేదు, ఉత్త నాలుకే. "టింగు టింగుమని ప్రాణం తీస్తదన్నా, ఇది గుచ్చేసేయ్, నోరు మూసుకుంటది" అన్నాడు. వంద రూపాయలు. ఆ ఏడాది జులై నుంచే కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకోకపోతే మోగే మోత, వేగం ఎక్కువైతే మోగే మోత, వెనక పార్కింగ్ సెన్సారు తప్పనిసరి చేశారు. ప్రభుత్వం రూలు పెట్టిన నెలకే వంద రూపాయలతో దాని నోరు నొక్కేశానన్నమాట. (ఈ క్లిప్పులు ఆన్‌లైన్లో అమ్మకూడదని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆర్డరు వేసింది.) ముసునూరు టోల్ గేటు, టంగుటూరు టోల్ గేటు దగ్గర పోలీసులు కనపడితే బెల్టును భుజం మీదుగా లాగి చేత్తో పట్టుకునేవాణ్ణి. దాటగానే వదిలేసేవాణ్ణి. మూడేళ్లు ఇదే భాగోతం.

2022 మే, ఆదివారం మధ్యాహ్నం. ఒంగోలు నుంచి తిరిగొస్తున్నాం. వెనక సీట్లో అత్తమ్మ, మా ఆవిడ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న మావాడు. ఉలవపాడు దగ్గర మే నెలంటే తెలుసుగా, రోడ్డు పొడుగునా మామిడికాయల అంగళ్లు. వాటిని చూసి బండ్లు ఎక్కడంటే అక్కడ టక్కున ఆగుతాయి. నేను 95లో కుడి లేన్‌లో ఉన్నా. ఎడమ లేన్‌లో పోతున్న కారొకటి ఇండికేటరు లేకుండా కాయల కోసం ఆగింది. దాని వెనకున్న లారీ దాన్ని తప్పించబోయి నా ముందుకొచ్చేసింది.

బ్రేకు మీద నిలబడ్డా. కాలి కింద పెడల్ గడగడగడా కొట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ అట్టా కాలేదు. ఏదో విరిగిపోయిందనుకుని భయమేసి ఒక్క క్షణం కాలు ఎత్తేశా. మళ్లీ తొక్కా. లారీ వెనక రాసిన 'హారన్ ప్లీజ్'లో పెచ్చులూడిన అక్షరం కనపడేంత దగ్గర్లో బండి ఆగింది.

బయట ఏమీ కాలేదు. లోపలే అయింది. అత్తమ్మ మొహం ముందు సీటుకు కొట్టుకుని కళ్లజోడు విరిగింది, పెదవి చిట్లింది. పిల్లోడు ఒళ్లోంచి జారి సీట్ల సందులో, నీళ్ల బాటిల్ పక్కన పడి ఉన్నాడు. ఏడవలేదు, బిత్తరపోయి చూస్తున్నాడు. మా ఆవిడ ఆ రోజంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అత్తమ్మ మాత్రం పెదవికి కొంగు అద్దుకుంటా, "పోనీలే నాయనా, కాయలు తీసుకుందాం, ఎట్టాగూ ఆగాం గదా" అంది.

ఇంటికొచ్చాక వెనక బెల్టుల కోసం వెతికితే కనపడలేదు. సీటు కవరు కుట్టినవాళ్లు బకిల్స్ మూడింటినీ కవరు కిందికి తోసేసి కుట్టేశారు. బ్లేడు తెచ్చి కుట్లు కోస్తే బయటపడ్డాయి. ఒకదాంట్లో ఐదు రూపాయల బిళ్ల, ఇంకోదాంట్లో మరమరాలు. పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు కూడా అక్కడే ఉన్నాయి. మావాడికి ఐదేళ్లొచ్చాక కదా వాటి మొహం చూసింది!

ఆ గడగడ ఏబీఎస్‌ది. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా సెకనులో చాలాసార్లు బ్రేకు పట్టి వదులుతుంటుంది. అందుకే బ్రేకు మీద ఉండి కూడా స్టీరింగు తిప్పి తప్పించుకోవచ్చు. కాలు ఎత్తకూడదు, అంతే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిట్లో ఉంది. ఎంతమంది కాలికి అది తెలుసు? తర్వాతి ఆదివారం తెల్లారుజామున ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద 40లో పోతూ నాలుగుసార్లు కావాలని తొక్కా. మా ఆవిడ చేత కూడా తొక్కించా. ఈ ఆరేళ్లలో బండికి పెట్టిన ఏ ఖర్చుకన్నా ఆ పది నిమిషాలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఒకటుంది, ఏబీఎస్ ఉందని వడ్ల మీద ధైర్యం చెయ్యొద్దు. కోతల కాలంలో, మొదటి పంటైనా రెండో పంట ఎడగారైనా, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల రోడ్లకు ఒక పక్కంతా ఆరబోసిన వడ్లే. రైతును అనలేం, కళ్లాలు ఎక్కడున్నాయి? కానీ గింజల మీద, ఇసక మీద ఏబీఎస్ బండి ఇంకాస్త దూరం జారి ఆగుతుంది. రాత్రయితే కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు లైటు పడేదాకా కనపడవు. ఎదుటోడు హైబీమ్ దించకపోతే అసలే కనపడవు.

ఎయిర్‌బ్యాగు సంగతి. బెల్టు పెట్టుకున్నవాడికి తోడుగా ఉండేందుకే దాన్ని పెట్టారు. బెల్టు లేకపోతే మనిషి ముందుకు పడుతుంటాడు, అది అప్పుడే పేలినట్టు ఎదురొస్తుంది. స్టీలు గార్డు ఉంటే గుద్దిన దెబ్బ సెన్సారుకు అందాల్సినట్టు అందకపోవచ్చు. ఆ గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. నాది పాత ఇనుప సామాన్లవాడికి వేశా. క్లిప్పు ఎప్పుడో చెత్తబుట్టలో పడింది.

వేగం మోత మాత్రం మా ఇంట్లో బాగా పనిచేస్తోంది. 80 దాటగానే మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. 80 మోతకే మావాడు వెనక నుంచి "నాన్నా, మోగింది" అంటాడు. 120 ఎట్టా ఉంటుందో వాడికి తెలియదు.

వానలో హజార్డ్ లైట్లు వేసుకుని పోవడం, అయ్యప్ప గుడి సెంటర్లో నేరుగా పోతున్నామని నాలుగు ఇండికేటర్లూ వెయ్యడం, కృష్ణపట్నం పోర్టు కంటెయినర్ లారీలను ఎడమ పక్కనుంచి దాటడం: ఇవన్నీ నేనూ చేసినవే. హజార్డ్ వేస్తే ఎటు తిరుగుతామో వెనకోడికి ఎట్టా తెలుస్తుందని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మా నాన్న ఇప్పటికీ బెల్టు పెట్టుకోడు. పంచె నలుగుతుందంట. 2018 ఆగస్టులో నటుడు నందమూరి హరికృష్ణ కావలిలో పెళ్లికి వస్తూ నల్గొండ దగ్గర కారు ప్రమాదంలో పోయినప్పుడు, బెల్టు లేదని పోలీసులు చెప్పిన సంగతి గుర్తుచేశా. "ఆయన రాత అట్టా ఉంది" అని కిటికీలోంచి చూస్తా కూర్చున్నాడు. ఇప్పుడు బెల్టు పెట్టేదాకా నేను ఇంజన్ స్టార్ట్ చెయ్యను. మొన్న పావుగంట ఆగాల్సొచ్చింది.

ఇప్పుడు బండి అమ్మకానికి పెట్టా. పోయిన వారం కావలి నుంచి ఒకాయన చూడటానికొచ్చాడు. బానెట్ ఎత్తాడు, టైర్లు తట్టాడు, మ్యూజిక్ పెట్టి విన్నాడు. వెనక సీట్లో కూర్చుని అటూ ఇటూ జరిగి, కింద చేత్తో తడిమి, "ఏందన్నా ఈ బకిల్సు గుచ్చుకుంటా ఉండాయి, కవరు కింద వేసి కుట్టించలేదా?" అన్నాడు.