చిత్తూరు తలుపు చాటున మద్రాసు-19

కాచిగూడ నుంచి చిత్తూరు దాకా వెళ్ళే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో నేను తిరుపతికి చాలాసార్లు వెళ్ళాను కాని, ఆ రైలు ఆగిపోయే చివరి స్టేషన్ దాకా ఎన్నడూ కూర్చున్నది లేదు. ఈసారి పని చిత్తూరులోనే. అక్కడ పాత బుల్లెట్ మోటారు సైకిళ్ళు బాగుచేసే ఒక దుకాణం గోడకు ఎన్‌ఫీల్డ్ కంపెనీ వారి ఎనామిల్ బోర్డు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నదని ఒక మిత్రుడు చెప్పగా, దానిని చూడటానికే బయలుదేరాను. అయినా అలవాటు కొద్దీ తిరుపతిలో దిగి బస అక్కడే పెట్టుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు.

తిరుపతిలో రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం ఉన్నాయి. దర్శనానికి వచ్చేవారికి దేవస్థానం కట్టించిన ఆ రెండింటిలో గది కావాలంటే ముందుగానే చూసుకోవాలి. నేను చూసుకోలేదు కనుక ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాను. ఇరవై నాలుగు గంటల లెక్క అని ఫోనులో చెప్పినవారు, తీరా దిగాక మరునాడు ఉదయం ఎనిమిదింటికే ఖాళీ చేయాలన్నారు. వేడినీళ్ళు ఏడింటితో ఆగిపోయాయి. వీటిని భరించవచ్చు కాని, కౌంటరు వెనక గోడకు తగిలించిన అలంకారపు రేకును చూసి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. ముదురు ఎరుపు మీద బంగారు రంగు అక్షరాలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ అని, దాని కింద మద్రాసు అని, ఆ కింద 1942 అని ఉన్నది. మూలల్లో తుప్పు కనిపించింది. వేలితో రాస్తే అంటలేదు, ఎందుకంటే ఆ తుప్పు కూడా అచ్చువేసినదే. 1942లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ కర్మాగారమే లేదు. ఆ ఏడు ఆ కంపెనీ ఇంగ్లండులోని రెడ్డిచ్ కేంద్రంగా యుద్ధానికి కావలసిన మోటారు సైకిళ్ళు తయారు చేస్తున్నది.

మరునాడు ఉదయం గది ఖాళీ చేసి, పెట్టెతో సహా చిత్తూరు బస్సు ఎక్కాను. దూరం సుమారు 70 కిలోమీటర్లు; దారి బాగున్నది, ఆర్టీసీ బస్సులకు కొదువ లేదు. మామిడి కాపు నడుస్తున్న రోజులు కావడంతో, చిత్తూరు దగ్గర పడేకొద్దీ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వాసన ఊరి దాకా మనతో వస్తుంది.

దుకాణం పాత బజారులోని ఒక సందులో ఉన్నది. రెండు రెక్కల చెక్క తలుపు; ఎడమ రెక్క పూర్తిగా తెరిస్తే వెళ్ళి గోడకు ఆనుకుంటుంది. బోర్డు ఉన్నది సరిగ్గా ఆ రెక్క వెనక. నేను అడగగానే పెద్దాయన లేచి వచ్చి రెక్కను ఇవతలికి లాగారు. మెరూన్ రంగు నేల, లేత పసుపు అక్షరాలు, అద్దంలా నా చొక్కా రంగు కనిపించేంత నునుపు. “ఎండ తగల్లేదు సామీ, ఈ తలుపే దానికి గొడుగు,” అన్నారాయన. తలుపు గడియ రోజూ తగిలే చోట మాత్రం అర్ధరూపాయి బిళ్ళంత పెచ్చు లేచి, అంచున నీలినలుపు పొర, నడుమ ఇనుము కనిపిస్తున్నాయి. తుప్పు అక్కడే మొదలై అక్కడే ఆగింది.

ఇటువంటి బోర్డులకు రంగు వేయరు, గాజును కాలుస్తారు. ఇనుప రేకు మీద మెత్తగా నూరిన గాజుపొడిని, రంగులనిచ్చే లోహ భస్మాలతో కలిపి పూతగా పరచి, సుమారు 800 డిగ్రీల వేడిలో కాల్చితే ఆ పొడి కరిగి రేకుకు పట్టుకుంటుంది. రంగు రంగుకూ మళ్ళీ పరచాలి, మళ్ళీ కాల్చాలి. అందుకే అక్షరం అంచున గోరు పెట్టి లాగితే చిన్న గట్టు తగులుతుంది. లాడ్జిలోని రేకు మీద గోరు జారిపోయింది. ఇక్కడ ప్రతి అక్షరం దగ్గరా ఆగింది. పాత బోర్డు కొనాలనుకునేవారికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

అసలు విషయం అడుగు వరుసలో ఉన్నది: ఎన్‌ఫీల్డ్ ఇండియా లిమిటెడ్, తిరువొత్తియూరు, మద్రాసు-19. నేను ఇంత దూరం వచ్చినది ఈ ఒక్క వరుస కోసమే అని చెప్పినా తప్పులేదు. ఇంగ్లండు కంపెనీ, మద్రాస్ మోటార్స్ వారు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పినది 1955లో. ఐషర్ సంస్థ చేతికి వచ్చి పేరు రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటార్స్‌గా మారినది 1994లో. కనుక బోర్డు ఈ రెండింటి నడుమది. ఇక ఆ 19 అన్నది పాత తపాలా మండలం సంఖ్య. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చాక అదే 600019 అయింది. పాత సంఖ్యను జనం మరికొన్నేళ్ళు రాసే ఉంటారు కాని, పిన్‌కోడు ఊసే లేని బోర్డును 1970ల తొలినాళ్ళకు ఇవతలికి తేవడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఆ అడ్రసు వెనక ఉన్న కథ సూదులతో మొదలవుతుంది. రెడ్డిచ్ సూదులకు పేరుపడ్డ ఊరు. అక్కడ జార్జ్ టౌన్‌సెండ్ నడిపిన సూదుల కార్ఖానా తరువాత సైకిళ్ళలోకి దిగి, 1891లో ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్‌ల చేతికి వచ్చింది. ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్ళోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసి ఇచ్చే పని దొరకడంతో ఆ ఊరి పేరునే తమ సరుకుకు పెట్టుకున్నారు. తుపాకీ అంత గట్టి తయారీ అన్న ప్రచార వాక్యానికీ మూలం అదే. తొలి మోటారు సైకిల్ 1901లో, బుల్లెట్ అనే పేరు 1932లో వచ్చాయి. సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యం 350 సీసీ బుల్లెట్లను ఎంచుకోవడంతో, వాటిని ఇక్కడే తయారుచేసే ఆలోచన పుట్టింది. 1956లో తిరువొత్తియూరు కర్మాగారం తెరిచినప్పుడు ఇంగ్లండు నుంచి విడిభాగాలు పెట్టెల్లో వచ్చేవి. ఆ ఏడాది చివరికి బిగించినవి 163 బండ్లు. 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే తయారయ్యాయి. ఆపైన మూల కంపెనీయే కూలిపోయింది: 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది, బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దగ్గర పాత భూగర్భ రాతిగనిలో సాగిన చివరి ఉత్పత్తి 1970లో ఆగిపోయింది. మద్రాసు-19లో మాత్రం పని ఆగలేదు. 1977 నుంచి ఇక్కడి బుల్లెట్లు ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. కొమ్మ మిగిలి చెట్టు పోయిన కంపెనీలు ఎక్కువగా ఉండవు.

అడుగు వరుస కింద డీలరు పేరును నల్లని ఆయిల్ పెయింటుతో తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి రాయించారు. ఆ పెయింటు చాలావరకు రాలిపోయి తెలుగులో ‘సైకి’ అన్న రెండు అక్షరాలే మిగిలాయి. కాలిన గాజు నిలిచింది, పూసిన రంగు పోయింది. 1953లో చిత్తూరు ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చినా, బండి సామాను కోసం పొద్దున బస్సెక్కి మద్రాసు పోయి రాత్రికి తిరిగి రావడం తన చిన్నతనమంతా చూశానని పెద్దాయన చెప్పారు. చెన్నై నుంచి ఎవరో వచ్చి బోర్డుకు మంచి ధరే చెప్పారట. “మా నాయన కొట్టిన మేకులు, పీకేదానికి చెయ్యి రాలేదు,” అన్నారు.

తరువాత తన పాత 350ని నా కోసం స్టార్టు చేసి చూపించారు. ఊరికే కాలితో తన్నితే ఆ బండి తిరిగి కాలినే తంతుంది. హెడ్‌లైటు మీద ఉన్న ఆమ్మీటరు (కరెంటును చూపే మీటరు) ముల్లును చూస్తూ కిక్కును నెమ్మదిగా నొక్కాలి. ముల్లు నడిమికి రాగానే ఇంజను లోపలి ఒత్తిడిని వదిలించే డీకంప్రెషర్ మీటను పట్టి కిక్కును ఇంకాస్త దించి, మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి అప్పుడు ఒక్క తన్ను. ఎడమ కాలికి బ్రేకు, కుడి కాలికి గేరు. డెబ్బై దాటిన మనిషి చెప్పులతో, ఒకే తన్నుతో లేపారు. దుకాణంలో డబ్బాల మీది స్పానర్లు సన్నగా గలగలలాడాయి.

రెండో రాత్రి చిత్తూరు బస్టాండు దగ్గరి చిన్న లాడ్జిలో గడిపాను. లిఫ్టు లేదు, దోమలు ఉన్నాయి, కాని దుప్పటి ఉతికినది, చెప్పిన అద్దె చెప్పినంతే తీసుకున్నారు. పక్క సందులోని మెస్సులో రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి తిన్నాను. తిరుపతిలో అంతకు రెండింతలు ఇచ్చి తిన్న భోజనం దీని ముందు నిలవదు. కాణిపాకం ఇక్కడికి 12 కిలోమీటర్ల లోపే కనుక ఆటోలో పోయి వినాయకుణ్ణి చూసి రెండు గంటల్లో తిరిగి రావచ్చు. చంద్రగిరి కోటకు మాత్రం తీరిక ఉంచుకోవాలి. 1639లో మద్రాసు నేలను ఈస్టిండియా కంపెనీ ఏజెంటు ఫ్రాన్సిస్ డేకు ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆ చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాయల సామంతుడే. శుక్రవారం అక్కడి మ్యూజియం ఉండదు.

తిరుగు ప్రయాణానికి వెంకటాద్రి చిత్తూరులోనే బయలుదేరుతుంది కనుక సామాను తీరిగ్గా సర్దుకోవచ్చు. బోర్డు చూడాలనుకునేవారు తొమ్మిదింటికి ముందే వెళ్ళడం మంచిది. తలుపు మూసి ఉన్నంతసేపే అది బయటికి కనిపిస్తుంది. దుకాణం తెరిచాక రెక్క దాని మీదికి వస్తుంది, పనిలో ఉన్న మనిషిని లేపి అడగవలసి వస్తుంది.