వెండి కప్పు జాతకం చెబుతామన్న ఆన్‌లైన్ సర్వీసు: ముద్రల వరకు ఓకే, ఓనరు దగ్గర అంతా ఊహలే

పాత వెండి సామాను ఫోటోలు పంపితే అది ఎవరు చేశారో, మొదట ఎవరి ఇంట్లో ఉండేదో కనిపెట్టి పీడీఎఫ్ రిపోర్టు ఇస్తామనే సర్వీసు ఒకటి వాడాను. పేరు రాయను, గొడవ పెట్టుకునే ఓపిక లేదు. ఇలాంటి వాటికి డబ్బు కట్టాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

వస్తువు సంగతి ముందు. సికింద్రాబాద్‌లో ఒక పాత బంగళా ఖాళీ చేస్తూ సామాను అమ్మేస్తుంటే కొన్న చిన్న వెండి కప్పు, పిడి ఉంది, అర గ్లాసు పాలు పడతాయేమో. ముందువైపు మూడు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి కింద సికింద్రాబాద్ అని ఊరి పేరు, 1886 అని సంవత్సరం, అన్నిటికీ పైన కత్తి పట్టుకున్న చెయ్యి బొమ్మ. మనం స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించినట్టే అన్నమాట, కాకపోతే చెక్కినవాడి చెయ్యి చాలా బాగుంది. అమ్మినాయన ఇది నిజాం గారిదన్నాడు. హైదరాబాద్‌లో పాత వస్తువు ఏది పట్టుకున్నా నిజాం గారిదే కాబట్టి ఆ ముక్క వదిలేశాను.

రిపోర్టులో మొదటి భాగం నిజంగా బాగుంది. అడుగున వరసగా ఉన్న ముద్రలు (హాల్‌మార్కులు) ఒక్కొక్కటీ విడగొట్టి చెప్పారు. నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి. చిరుతపులి తల లండన్‌లోని వెండి పరీక్షా కేంద్రానిది, దానికి కిరీటం లేదు కాబట్టి 1821 తర్వాతది (అదే లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, ఆ రోజుల్లో విడిగా కిరీటం ముద్ర ఉంటే షెఫీల్డ్). విక్టోరియా రాణి తల సుంకం కట్టినట్టు గుర్తు, 1784లో మొదలైన ఆ పద్ధతి 1890లో ఎత్తేశారు. ఇక పెద్ద 'ఐ' అక్షరం ఉంది చూశారూ, ఏటా ఒక అక్షరం మార్చే లండన్ లెక్కలో అది 1884. ఆ రోజుల్లో అక్కడ అక్షరం మే నెలాఖరులో మారేది కాబట్టి 1884 మే నుంచి 1885 మే మధ్య ఎప్పుడో కప్పు పరీక్షకి వెళ్లింది, ఆ తర్వాత ఓడెక్కి ఇక్కడికి వచ్చి 1886లో పేరు చెక్కించుకుంది అనుకోవచ్చు. ఇంతవరకు నేను వెతికి చూసుకున్నా అదే తేలింది, వంక పెట్టడానికేం లేదు.

తయారీదారు విషయంలో మాత్రం ఒక మాట మింగేశారు. సింహం పక్కన ఉండే రెండు మూడు అక్షరాల ముద్ర, ఆ వస్తువుని పరీక్షకి పంపినవాళ్లది. పెద్ద కంపెనీలు బయట పనివాళ్ల చేత చేయించి తమ ముద్ర వేసి పంపేవి, కాబట్టి సుత్తి పట్టినవాడి పేరు అదేనని గ్యారంటీ లేదు. పైగా ఒకే అక్షరాలు చాలామందికి ఉంటాయి, చుట్టూ ఉన్న గడి గుండ్రమా, కోలగా ఉందా, మూలలు కోసినట్టుందా అనేది చూసి తేల్చాలి. 1761లో హెస్టర్ బేట్‌మన్ అనే ఆవిడ భర్త పోయాక తన పేరున ముద్ర నమోదు చేయించుకుని లండన్‌లో పెద్ద వర్క్‌షాపు నడిపింది. ఇప్పుడు హెచ్‌, బి అక్షరాలు కనిపిస్తే చాలు ఆవిడదే అని రేటు పెంచేసేవాళ్లు ఉంటారు.

అసలు గొడవ రెండో భాగంతో. కత్తి పట్టిన చెయ్యిని కుటుంబ చిహ్నంగా తీసుకుని ఒక స్కాట్లండ్ జమీందారీ కుటుంబం పేరు రాసి, వాళ్ల కోట ఫోటో కూడా పెట్టి, రెండు పేజీలు నింపేశారు. ఇలాంటి చెయ్యి బొమ్మ పదుల కుటుంబాలకి ఉంది, ఒక్క బొమ్మని బట్టి ఇల్లు చెప్పేయడం కుదరదు. అంతకన్నా పెద్ద విషయం, కప్పు చేతిలో ఉన్నవాడికి తెలిసేది, ఫోటో చూసినవాళ్లకీ తెలియాల్సింది: అక్షరాల గీతలు తుడిచి తుడిచి అరిగిపోయి నున్నగా ఉన్నాయి, చెయ్యి బొమ్మ గీతలు మాత్రం వేలికి గరుగ్గా తగులుతాయి. పక్క నుంచి టార్చి వేసి తీసిన ఫోటో కూడా పంపాను, అందులో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బొమ్మ తర్వాత ఎవరో, బహుశా రేటు కోసం, చెక్కించింది. దాని గురించి రిపోర్టులో ఒక్క లైను లేదు. అడిగితే 'మా నిపుణుల అభిప్రాయం అదే' అని జవాబు.

ఆ ఫీజు లేకుండానే నాకు ఎక్కువ పనికొచ్చింది ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వాళ్ల డేటాబేస్. 1998 నుంచి నడుస్తున్న సంస్థ, వాలంటీర్లు కూర్చుని పాత చర్చి రికార్డుల్లో ఉన్న బాప్టిజంలు, పెళ్లిళ్లు, చావులు ఎక్కించారు, వెతకడం ఫ్రీ. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వివరాలు మద్రాసు రికార్డుల్లో చూడాలి, అప్పట్లో లండన్‌కి పంపిన కాపీలు అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఊరు, సంవత్సరం, ఇంటిపేరు మొదటి అక్షరం పట్టుకుని కూర్చుంటే నా మూడక్షరాలకి సరిపోయేవాళ్లు ఇద్దరు తేలారు, ఒక పసిపిల్లాడు, ఒక సార్జెంటు. సైజు చూస్తే బాప్టిజంకి ఇచ్చిన కప్పులాగే ఉంది, కానీ రెజిమెంట్ ఆటల పోటీల్లో కూడా ఇలాంటివి ప్రైజులుగా ఇచ్చేవారు, అందుకే పిల్లాడిదే అని నేను రాసుకోలేదు. కోటలూ జమీందారీలూ మాత్రం ఇద్దరికీ లేవు.

మీ దగ్గరున్నది మద్రాసులో చేసినదైతే లెక్క వేరే. ఇక్కడ అలాంటి పరీక్షా కేంద్రం ఉండేది కాదు, సింహం ముద్ర ఉండదు. 1849 నాటి మౌంట్ రోడ్డు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి షాపుల పేరు అడుగున ఉంటే అదే ఆధారం. దేవుళ్ల బొమ్మలతో చేసిన వాళ్ల స్వామి వర్క్ వెండికి మంచి పేరు ఉండేది.

కొనేవాళ్లకి ఇంకో రెండు సంగతులు. విబూది, పళ్లపొడి పెట్టి తళతళలాడేలా తోమకండి, ముద్రలు అరిగిపోతే ఏ నిపుణుడూ ఏమీ చెప్పలేడు. ఎక్కడైనా పాత పేరు చెరిపారేమో అనుమానం ఉంటే నోటితో ఆవిరి ఊది చూడండి, అతుకులు, చెరిపిన జాడలు ఒక్క క్షణం బయటపడతాయి. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిద్దాం అనుకుంటే ఆగండి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన ఇలాంటి వస్తువు యాంటిక్విటీ, మనం దేశం దాటించకూడదు.

ముద్రలు చదివినందుకు ఐదుకి నాలుగు, ఓనరుని కనిపెట్టినందుకు ఒకటి, అదీ ఫోటోలు ముద్దుగా పెట్టారని. ముద్రల రిపోర్టు ఒక్కటే సగం ధరకి ఇస్తారా అని మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఇస్తామంటే ఇంకో కప్పు ఉంది, పంపిస్తా.