వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నా: సర్కారు ఆసుపత్రికి నా మార్కులు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కింద ఉంది.

ఇద్దరు పిల్లలు, చిన్నోడికి రెండేళ్లు నిండాయి, ఇక చాలనుకున్నాం. మా ఆవిడకి రెండూ సిజేరియన్లే, మళ్లీ ఆవిడ పొట్ట మీదే కత్తి పెట్టించడం ఎందుకని నేనే వెళ్లా. ఏరియా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే ఆవిడ ఆపరేషన్ నాకని వినగానే తలెత్తి, నన్ను వదిలేసి మా ఆవిడ వైపు చూసి, "ఎందుకమ్మా ఆయనకి, బరువులు మోసే మగమనిషి, నువ్వు చేయించుకోవచ్చుగా" అంది. "ఆయన బ్యాంకులో కూర్చుంటారండీ, మోసేది నేనే" అంది మా ఆవిడ. క్యూ మొత్తం నవ్వింది, నాతో సహా.

ఆపరేషన్ సంగతి. కోత లేని పద్ధతి, కుట్లు ఉండవు. మత్తు సూది చీమ కుట్టినట్టు ఉంటుందన్నారు, చీమ కాదు, కందిరీగ. ఆ తర్వాత లోపల ఏదో లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి లేదు. డాక్టరు గారు మా పెద్దాడి స్కూలు ఫీజు ఎంతో అడుగుతూనే పావుగంటలో పని కానిచ్చేశారు. కాసేపు పడుకోబెట్టి, బిగుతు డ్రాయర్ వేసుకో, బరువులెత్తకు అని చెప్పి ఇంటికి పంపేశారు. ఖర్చు సున్నా, పైగా పని పోయినందుకని 1,100 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఈ పద్ధతి కనిపెట్టింది చైనా డాక్టరే, 1974లో. ఆ తర్వాత ఐదారేళ్లకే ఆ దేశం ఒక్కరినే కనమని జనం మెడ మీద కూర్చుంది, 2016 నుంచి ఇద్దరంది, 2021లో ముగ్గురైనా పర్లేదంది, ఇప్పుడేమో కనండి బాబూ అని బతిమాలుకుంటోంది.

నేను పడుకున్న గదిలో నేనొక్కడినే. పక్క వార్డులో మాత్రం అదే పని మీద వచ్చిన ఆడవాళ్లతో మంచాలన్నీ నిండిపోయి, తోడొచ్చిన తల్లులు కింద చాపలేసుకుని కూర్చున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది, దేశం మొత్తమ్మీద భర్తకి ఆపరేషన్ అయినవాళ్లు 0.3 శాతమే. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ భాగం మగవాళ్లకే, చాలామందికి బలవంతంగా. 1977లో ఓట్లతో దెబ్బ పడ్డాక ఏ ప్రభుత్వమూ మగాడి జోలికి గట్టిగా పోలేదు, భారమంతా ఆడవాళ్ల మీదకి నెట్టేశారు.

మా ఇంట్లో ఈ లెక్కల దెబ్బ తిన్నది బాబాయి. 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుడితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని రూలు, బాబాయి మూడో కూతురు, అదే మా చెల్లెలు, ఏమో 1996లో పుట్టింది. 2001లో సర్పంచికి నామినేషన్ వేద్దామంటే కుదరలేదు. పిన్నిని పెడదామన్నా అవే ముగ్గురు పిల్లలాయె. చివరికి నాయనమ్మ చేత వేయించాడు. నలుగుర్నీ ఆ తేదీకి ముందే కన్న నాయనమ్మకి అర్హత ఉంది, ముగ్గురి తండ్రికి లేదు! (ఓడిపోయింది, అది వేరే కథ.) ఆ చెల్లెల్ని మాత్రం పెళ్లయ్యేదాకా చుట్టాలు "సర్పంచి పదవి పోగొట్టిన పిల్ల" అనే పిలిచారు, సరదాకే అనుకోండి, కానీ దానికి సరదాగా ఉండేది కాదు.

2024లో ఆ రూలు ఆంధ్రాలో ఎత్తేశారు. సంతాన రేటు 1.7కి పడింది, ముసలివాళ్లు పెరుగుతున్నారు, జనాభా తగ్గించుకున్న పాపానికి రేపు పార్లమెంటులో మన సీట్ల వాటా కూడా తగ్గుతుందేమోనని భయం, అందుకని ఇప్పుడు ముఖ్యమంత్రే ఎక్కువమందిని కనమంటున్నారు. నేను పడుకున్న గది గోడ మీదేమో కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం, "మేమిద్దరం మాకిద్దరు" ఇంకా ఉన్నాయి, సగం రంగు పోయి. ఆపరేషన్ సంగతి తెలిసి బాబాయి ఫోన్ చేశాడు, "రూలున్నప్పుడు నేను చేయించుకోలేదు, రూలు తీసేశాక నువ్వు చేయించుకున్నావా, నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా."

ఇక పోయిన మార్కు. ఆపరేషన్ అయిన వెంటనే నిశ్చింత అనుకోకండి, 3 నెలలు కండోమ్ వాడాల్సిందే, తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే సర్టిఫికెట్ ఇస్తారు. ఇంత ముఖ్యమైన ముక్క నాకు నోటితో ఎవరూ చెప్పలేదు, డిశ్చార్జి కాగితం వెనకాల ఉంటే మా ఆవిడ చదివి చెప్పింది. సరే, మూడు నెలలయ్యాక ల్యాబ్‌కి వెళ్తే చేతిలో డబ్బా పెట్టి బాత్రూం చూపించారు. గడియ లేదు. ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టి నేను పడ్డ టెన్షన్ మీ ఊహకే వదిలేస్తున్నా, బయట ఎవరో "లోపలెవరండీ, ఎంతసేపు" అని రెండుసార్లు తట్టారు కూడా.

రిపోర్టు బాగానే వచ్చింది. ఈ మధ్య ఎవరైనా వెళ్లుంటే ఆ తలుపుకి గడియ పెట్టించారో లేదో చెప్పండి, పెట్టించి ఉంటే ఐదుకి ఐదు చేసేస్తా.